షెడ్డులో దొరికిన పాత కారు: ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, మార్చాలా?

పాతింటి షెడ్డులో ముప్పై, నలభై ఏళ్లుగా కదలకుండా పడి ఉన్న అంబాసిడరో, ఫియట్టో బయటపడగానే ఇంట్లో అందరి నోటా వచ్చే మొదటి మాట: "ముందు కడిగించి, మంచి రంగు వేయించేద్దాం." ఆ మాటలో ప్రేమే ఉంది. తాతగారి కారు మళ్లీ మెరవాలి, గుమ్మం ముందు నిలబెడితే నలుగురూ ఆగి చూడాలి అన్న ఆశ ఉంది. కానీ ఆ కారుకు చేయించగలిగే పనులన్నిటిలో మళ్లీ వెనక్కి తీసుకోలేని పని సరిగ్గా అదే. ఇంజన్ మార్చినా పాతది దాచి ఉంటే మళ్లీ కూర్చోబెట్టొచ్చు. సీట్లు మార్చినా పాతవి అటక మీద ఉంటే మళ్లీ బిగించొచ్చు. ఫ్యాక్టరీలో పడిన రంగును ఒకసారి గీకేశాక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

అందుకే "కాపాడాలా, మార్చాలా" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే జవాబు దొరకదు. రెండు వైపులా బలమైన వాదనలున్నాయి, మనుషులు జీవితాంతం వాదించుకుంటారు. నా మటుకు నేను ప్రతి పనికీ విడివిడిగా ఒకటే అడుగుతాను: ఇది చేశాక నచ్చకపోతే, లేదా రేపు ఇంకొకరికి నచ్చకపోతే, వెనక్కి తిప్పే దారి ఉందా? ఈ ఒక్క ప్రశ్నతో చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఎక్కడ విడదో కూడా చెప్తాను.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. పాత కారు విషయంలో జనం ఒకే పనిగా అనుకునేవి నిజానికి నాలుగు వేర్వేరు పనులు. ఉన్న స్థితి ఇంకా దిగజారకుండా ఆపడం ఒకటి: తుప్పు పాకకుండా, రెగ్జిన్ చిట్లకుండా, ఎలుకలు వైర్లు కొరకకుండా చూడటం. పాడైన చోట మాత్రమే, అవసరమైనంత మాత్రమే బాగు చేయడం రెండోది. మొత్తం విప్పి, షోరూమ్ నుంచి వచ్చిన రోజున ఎలా ఉండేదో అలా తిరిగి తయారు చేయడం మూడోది, దీన్నే రెస్టోరేషన్ అంటున్నాం. ఆ కారు ఎప్పుడూ ఎరగని ఇంజన్, బ్రేకులు, చక్రాలు, ఏసీ పెట్టించి కొత్త రకం బండిగా మార్చడం నాలుగోది. రెస్టోరేషన్ అంటే కాపాడటమే అని చాలామంది అనుకుంటారు. ముట్టుకోకుండా మిగిలిన కారు విషయంలో అది కాపాడటం కాదు. నాలుగో పని ఎంత చెరుపుతుందో మూడోదీ దాదాపు అంతే చెరుపుతుంది, ఫలితం చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి మనకు తెలియదు.

పాత వాహనాల క్లబ్బులకు ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది. 1966లో ఏర్పడింది. అది 2013లో టూరిన్ చార్టర్ అనే పత్రాన్ని ఖరారు చేసింది. చారిత్రక కట్టడాల సంరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టరే దానికి ఒరవడి. సారాంశం సులువు: వీలైనంత తక్కువ ముట్టుకోండి, ముట్టుకున్న ప్రతిదాన్నీ రాసి పెట్టండి, కొత్తగా చేర్చిన భాగం కొత్తదని తెలిసేలా ఉంచండి. మన ఊళ్లలో పాత గుడి స్తంభాల మీది శాసనాలకు భక్తితోనే సున్నం కొట్టించి, ఆ పైన ఆయిల్ పెయింట్ వేయించిన దృశ్యం చూసినవాళ్లకు ఈ చార్టర్ ఎందుకు అవసరమైందో వివరించి చెప్పక్కర్లేదు.

ముట్టుకోని కారు ఏం చెప్తుంది

హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1950ల చివర్లో మొదలైన బండి అది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్ 1100, అదే 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన కారు, అంతకు చాలా ముందే ఆగింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి ఇప్పటివాళ్లలో చాలామందికి తెలియదు. ఆ అసెంబ్లీ లైన్లు లేవు, వాటి మీద పని చేసినవాళ్లు పెద్దవాళ్లయిపోయారు. 1960లలో ఒక అంబాసిడర్‌కు డిక్కీ అడుగున ఏ రంగు పడేది, తలుపు లోపల కార్డుబోర్డు ఎలా బిగించేవారు, ఏ బోల్టు తల మీద ఏ కంపెనీ గుర్తు ఉండేది అన్న ప్రశ్నలకు మిగిలిన సాక్ష్యం కార్లే.

ఆ సాక్ష్యం ఎక్కడ ఉంటుందో తెలిస్తే కడిగించే ముందే చేయి ఆగుతుంది. బానెట్ లోపలి వైపు, డ్యాష్‌బోర్డు కింద, స్టెప్నీ పెట్టే గుంటలో రంగు పలచగా పడి ఉంటుంది. స్ప్రే చేసేటప్పుడు అంచుల మీద చిమ్మిన తుంపర కనిపిస్తుంది. కొన్ని చోట్ల తనిఖీ చేసినవాళ్ల సుద్ద గీతలు, రంగు చుక్కలు కూడా ఉండొచ్చు. అద్దాల మూలల్లో తయారీదారు ముద్ర ఉంటుంది, అన్ని అద్దాల మీదా ఒకటే ఉంటే అవి పగలలేదని అర్థం. డైనమో, కార్బ్యురేటర్, హారన్, దీపాల మీద ఉన్న రేకుముక్కలు, నంబర్లు బండి వయసుతో సరిపోలాలి. వెనక వైపు డీలర్ బిళ్ల ఉందా, అద్దం మీద పాత సర్వీస్ స్టిక్కర్ ఉందా, గ్లోవ్ బాక్సులో పెట్రోల్ బిల్లులు, పాత సి బుక్కు (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం), టూల్ కిట్ సంచి ఉన్నాయా చూడాలి. షెడ్డు శుభ్రం చేసేవాళ్లు చెత్త అని మొదట పారేసేవి ఇవే.

రంగు అసలుదా కాదా అన్నదానికి కంటితో పాటు ఒక చిన్న పరికరం సాయం చేస్తుంది. రంగు మందాన్ని మైక్రాన్లలో చెప్పే మీటరు అది. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. మీద ఇంకోసారి రంగు పడితే అంకె 200, 300 దాటుతుంది. కింద లప్పం పెట్టి ఉంటే ఇంకా చాలా పైకి పోతుంది. బండి అంతా చేయి పట్టినంత దూరానికొకసారి పెట్టి చూసి ఒక బొమ్మ మీద అంకెలు వేసుకుంటే, ఎక్కడ గుద్దుకుంది, ఏ తలుపు మార్చారు, ఏ భాగం ఇంకా తొలి రంగులోనే ఉంది అన్నది అరగంటలో తేలుతుంది.

ఇలాంటి ముట్టుకోని బండి ఒకటుంటే మిగతా బళ్లకు అది నమూనా. సగం పాడైన ఇంకో మార్క్ 2 అంబాసిడర్‌ను సరిగ్గా రెస్టోర్ చేయాలనుకున్న మనిషి ఎవరైనా వచ్చి దీన్నే చూసి కొలతలు తీసుకోవాలి. నాకు ఈ వాదన అన్నిటికన్నా బలంగా అనిపిస్తుంది. కారు మీ సొంతం, అందులో అనుమానం లేదు. దాని లోపలున్న సమాచారం మాత్రం మీ ఒక్కరికే పనికొచ్చేది కాదు.

మన దగ్గర ఇవి ఎందుకింత అరుదు

అంబాసిడర్లు, పద్మినులు లక్షల్లో తయారయ్యాయి కదా, ఇంకెన్నో ఉంటాయిలే అనుకోవడం సహజం. నిజంగా అలా లేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కారు కోసం ఎదురుచూసిన రోజులవి. అలా వచ్చిన బండిని ఎవరూ మూల పడేయలేదు. వాడారు, బాగు చేయించారు, మళ్లీ వాడారు. పెళ్లికోసారి రంగు, పండక్కోసారి సీటు కవర్లు. డీజిల్ చవకని పెట్రోల్ ఇంజన్ దింపి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. స్టీరింగ్ పక్కనున్న గేరు ఇబ్బందిగా ఉందని కిందికి మార్చారు. ముందున్న బెంచీ సీటు కోసి రెండు విడి సీట్లు చేశారు. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాక పాత మార్క్ 2 బండిని కూడా కొత్తదానిలా కనిపించాలని గ్రిల్ మార్పించారు. ఇంటి కారుగా ఓపిక అయిపోయాక అమ్మితే టాక్సీగా మారింది, ఆపైన పాత ఇనుప సామాను కొట్టుకు చేరింది.

అమెరికాలో, ఐరోపాలో కొత్త కారు సులువుగా దొరికేది కాబట్టి పాతదాన్ని గడ్డి దాచే కొట్టంలో తోసి మరిచిపోయినవాళ్లున్నారు. అలా మరిచిపోవడమే ఎన్నో కార్లను ముట్టుకోకుండా కాపాడింది. మనకు మరిచిపోయే స్తోమత ఉండేది కాదు. అందుకే తొలి రంగు, తొలి ఇంజన్, తొలి సీట్లతో ఒక సాదాసీదా ఫియట్ దొరికిందంటే, తయారైన సంఖ్య చూసి దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. యజమాని అకస్మాత్తుగా పోవడం, అన్నదమ్ముల ఆస్తి తగాదా, పిల్లలు విదేశాలకు వెళ్లిపోవడం లాంటి ఏదో ఒక కారణం చేత మాత్రమే అలాంటి బండి మిగులుతుంది.

బయటి ప్రపంచంలో అభిరుచి ఎలా మారిందో కూడా చూడాలి. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఏటా జరిగే కార్ల పోటీ ఒకప్పుడు అద్దంలా మెరిసే రెస్టోరేషన్లకు పెట్టింది పేరు. కొత్తగా ఉన్నప్పటికన్నా ఎక్కువ మెరుపుతో బళ్లను తీర్చి తెచ్చేవారు. 2001లో అక్కడ ముట్టుకోని కార్ల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. 2024లో మొత్తం పోటీలో తొలి బహుమతి అలాంటి కారుకే వచ్చింది: 1934 నాటి బుగాటీ టైప్ 59 స్పోర్ట్స్, ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరున్న రేసు కారు. రంగు పెచ్చులూడి, గీతలు పడి ఉన్న బండి తొలి బహుమతి గెలవడం ఆ పోటీ చరిత్రలో అదే మొదటిసారి. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన బయ్యోఁ కుటుంబం కార్ల వేలం కూడా చెప్పుకోవాలి. పశ్చిమ ఫ్రాన్సులో ఒక పల్లె ఎస్టేటులో దాదాపు అర్ధ శతాబ్దం పడి ఉన్న 59 బళ్లను దుమ్ముతోనే, తుప్పుతోనే వేలానికి పెట్టారు. పాత పత్రికల గుట్ట కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా 1.63 కోట్ల యూరోలకు పోయింది.

ఈ లెక్కలు చూసి మన అంబాసిడర్‌కు కూడా దుమ్ముతోనే ధర పలుకుతుందని ఆశ పడొద్దు. ఇక్కడ మామూలు కొనుగోలుదారు ఇంకా మెరిసే రంగుకే డబ్బిస్తున్నాడు. అమ్మకం కోసమే అయితే ముట్టుకోని బండి విలువ తెలిసిన మనిషి దొరికే దాకా ఓపిక పట్టాలి. ఆ ఓపిక ఎందుకని అడిగితే నా జవాబు పైన చెప్పినదే, డబ్బు లెక్క కాదు.

అలాగని రెస్టోరేషన్ ప్రతిచోటా తప్పని కూడా నేననను. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోదలచిన బండి, ఆయన 1911లోనే పోవడంతో ఏడో నిజాం కాలంలో ఊరేగింపులకు వాడారు. లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టిన బాడీ, వెనక సింహాసనం లాంటి ఎత్తు సీటు, పసుపు రంగు. ప్రజలు చూసేందుకు వైభవంగా కనిపించడమే ఆ కారు పుట్టుకకు కారణం కాబట్టి, దాన్ని వైభవంగా నిలబెట్టడంలో అర్థం ఉంది. ఒక ఊళ్లో డాక్టరుగారు రోజూ నడిపిన ఫియట్ కథ వేరు. దాని డ్రైవర్ సీటు అంచు అరిగిన తీరులో, తలుపు పిడి చుట్టూ వేళ్లకు వెలిసిన రంగులో ఆయన రాకపోకలున్నాయి. ఆ అరుగుదల తీసేస్తే మిగిలేది ఎవరిదైనా కావచ్చు.

మార్చక తప్పనివి

ముట్టుకోవద్దన్న మాటకు హద్దు ఉంది. రోడ్డు మీదికి తీసుకెళ్లే బండిలో బ్రేకులు, టైర్లు, వైరింగ్, పెట్రోల్ గొట్టాల దగ్గర సెంటిమెంట్ పనికిరాదు.

బ్రేకులతో మొదలుపెడదాం. ఆనాటి బళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగింటికీ ఒకటే దారి, అంటే ఎక్కడో ఒక గొట్టం లీకైతే పెడల్ మొత్తం నేలకు దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉంటే ఆ నీరు చక్రాల దగ్గరుండే వీల్ సిలిండర్ల లోపల గుంతలు పెట్టేస్తుంది. కాబట్టి రబ్బర్లు, గొట్టాలు, సిలిండర్లు అన్నీ కొత్తవి వేయించాల్సిందే. రెండు దారుల మాస్టర్ సిలిండర్ పెట్టించడం మార్పే అయినా, బాడీ కోయకుండా బోల్టులతో బిగించగలిగితే నేను వెంటనే ఒప్పుకుంటాను. పాతది తుడిచి నూనె రాసి డబ్బాలో పెట్టుకుంటే చాలు.

సీటు బెల్టు కొంచెం కష్టమైన ప్రశ్న. దాన్ని గట్టిగా పట్టి ఉంచాలంటే ఫ్లోరుకు రంధ్రం పడాలి, వెనక ఇనుప పలక పడాలి. అది వెనక్కి తీసుకోలేని పని. అయినా పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లే ఉద్దేశం ఉంటే ఆ రంధ్రాలు పడటమే న్యాయం. ఆ ఉద్దేశం లేదంటే, ఆదివారం ఊళ్లో నాలుగు వీధులు తిప్పడానికే అయితే, వద్దు.

పెట్రోల్ సంగతి ఇప్పుడు మరీ ముఖ్యమైంది. మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ పాతకాలపు రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌లను మెత్తబరిచి చెడగొడుతుంది, నీటిని లాక్కుంటుంది, ఇనుప ట్యాంకులో తుప్పుకు దారి చేస్తుంది. బండి వారాల తరబడి నిలబడేదైతే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాలి. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో జెట్టు, అంటే పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రమున్న భాగం, కాస్త పెద్దది పెట్టించాల్సి రావచ్చు, ఇథనాల్ కలిస్తే మిశ్రమం పలచబడి ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి. పాత జెట్టు చిటికెడంత వస్తువు, కవర్లో వేసి పేరు రాసి దాచుకోవడమే.

ఇక్కడే నా కొలబద్దకు కూడా ఒక పరీక్ష ఎదురవుతుంది. ఆ ఇంజన్లు సీసం కలిసిన పెట్రోల్ కోసం తయారయ్యాయి, వాల్వులు కూర్చునే చోటును ఆ సీసం కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. గట్టి లోహపు వాల్వ్ సీట్లు వేయిస్తే ఇంజన్ నిశ్చింతగా తిరుగుతుంది, బయటికి ఏమీ కనిపించదు. కానీ అందుకోసం అసలు హెడ్‌ను, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగాన్ని, మెషీన్ మీద కోయాలి, కనిపించకపోయినా అది శాశ్వతమైన మార్పు. మెల్లగా, తక్కువగా నడిపే బండికి ఆ అవసరం చాలా ఏళ్లు రాదు. ఎక్కువ తిరగాలనుకుంటే ఇంకో పాత హెడ్ సంపాదించి దానికి చేయించి బిగించి, మన కారుతో పుట్టిన హెడ్‌ను దాచడం మంచి దారి. అంబాసిడర్‌కు ఇది ఇప్పటికీ సాధ్యమే, హెడ్లు పాత సామాను కొట్లలో దొరుకుతున్నాయి.

వైరింగ్ పైపూత ఎండి పెళుసైతే బండికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, మార్చాలి. మార్చేటప్పుడు పాత తీగల రంగుల వరుసే పాటించాలి. ఇంకో జాగ్రత్త: పాత బ్రిటిష్ డిజైన్లలో చాలా వాటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. అది చూసుకోకుండా నేటి ఆల్టర్నేటరో, మ్యూజిక్ సిస్టమో తగిలిస్తే ఆ క్షణమే కాలిపోతాయి. బ్యాటరీకి దగ్గర్లో ఒక కటాఫ్ స్విచ్ పెట్టించడం చవకైన, తీసేయగలిగే మార్పు.

ఇక దొరికిన రోజునే సెల్ఫ్ కొట్టి చూడాలన్న ఆత్రం. దాన్ని అణచుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా పలచటి నూనె పోసి రెండు మూడు రోజులు ఆగాలి. ట్యాంకులో గడ్డకట్టిన పాత పెట్రోల్ తీసేయాలి, ఇంజన్ ఆయిల్ మార్చాలి. తర్వాత హ్యాండిల్ వేసి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. తిరగకపోతే ఇంకా నానబెట్టాలి తప్ప బండిని ట్రాక్టరుకు కట్టి లాగించకూడదు. అంటుకుపోయిన పిస్టన్ రింగులు విరిగితే సిలిండర్లకు బోరు చేయించాల్సి, అంటే లోపల కోయించి పెద్దవి చేయించాల్సి వస్తుంది.

కడగడం దగ్గర కూడా అంతే. ప్రెషర్ పంపుతో కొడితే పెచ్చులు లేచి ఉన్న రంగు ఊడి వస్తుంది, నీరు సందుల్లో చేరి కూర్చుంటుంది. ముందు ఫొటోలు, వీడియో, ఆ తర్వాత మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, ఆపైన తడి గుడ్డ. తుప్పు పాకుతున్న చోట ఇసుకతో కొట్టించకుండా, వదులుగా ఉన్నంత మేరకు చేత్తో తీసి, తుప్పును ఆపే ద్రావణం రాసి, సందుల్లోకి మైనం పట్టించొచ్చు. కోస్తా గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి కాబట్టి అక్కడ ప్లాస్టిక్ పట్టా కప్పడం అన్నిటికన్నా చెడ్డ పని, లోపల తేమ చేరి చెమర్చి రంగును, రెగ్జిన్‌ను తినేస్తుంది. నూలు గుడ్డ కప్పి, గాలి ఆడే చోట, బండిని స్టాండ్ల మీద ఎత్తి ఉంచితే చాలు.

మార్చాలనుకునేవాళ్ల వైపు న్యాయం

కారు తిరగడానికే పుట్టింది, మ్యూజియంలో కూర్చోవడానికి కాదు అనేవాళ్ల మాటలో నిజం ఉంది. మే నెలలో విజయవాడ ఎండకు ఏసీ లేని ఫియట్‌లో కుటుంబంతో వెళ్లమని ఎవరికి చెప్పగలం? మార్పులకు కూడా ఒక చరిత్ర ఉంది. అమెరికా కుర్రాళ్లు పాత ఫోర్డులకు పెద్ద ఇంజన్లు పెట్టి హాట్ రాడ్లు చేశారు, ఇవాళ ఆ హాట్ రాడ్లే చారిత్రక వస్తువులు. 1970లలో ఒక యజమాని అంబాసిడర్‌కు పెట్టించిన అదనపు దీపాలు, కర్టెన్లు, డ్యాష్‌బోర్డు మీది చిన్న ఫ్యాను కూడా ఆ కాలపు గుర్తులే. వాటిని పీకేసి ఫ్యాక్టరీ స్థితికి తెస్తానంటే నేను ఒప్పుకోను. ఫీవా కూడా ఆ కాలంలోనే జరిగిన మార్పునూ నేడు చేసే మార్పునూ ఒకే గాట కట్టదు.

నా అభ్యంతరం మార్చడం మీద కాదు, దేన్ని మార్చాలన్న ఎంపిక మీద. డీజిల్ ఇంజన్ ఎక్కి, నాలుగు సార్లు రంగు పడి, ఫ్లోరంతా అతుకులున్న అంబాసిడర్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కాపాడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఐదు గేర్లు, ఏసీ, డిస్క్ బ్రేకులు అన్నీ వాటికి పెట్టించుకోవచ్చు, ఆ బండికి కొత్త బతుకు వస్తుంది. ముట్టుకోని కారు దొరికి, మీకు మాత్రం మార్చిన కారే కావాలనిపిస్తే, దాన్ని విలువ తెలిసినవాళ్లకిచ్చి ఆ డబ్బుతో అలాంటి బండిని కొనుక్కోండి. ఇద్దరికీ కావాల్సింది దొరుకుతుంది.

ఎలక్ట్రిక్‌గా మార్చడం గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఆమోదం పొందిన కిట్లతో మార్చడాన్ని మన నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఫీవా మాత్రం, అలా మార్చిన బండి చారిత్రక వాహనం కింద రాదంటోంది. చేయక తప్పదంటే విప్పిన ప్రతి భాగం మీద గుర్తు, తేదీ వేసి దాచమని, మళ్లీ పాత స్థితికి తేగలిగేలా పని చేయమని సలహా ఇస్తోంది. బ్యాటరీల బరువు కోసం బాడీని కోయాల్సి వస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. అంబాసిడర్‌కు, ఫియట్‌కు విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే అస్థిపంజరం. హెరాల్డ్‌కు ఛాసిస్ వేరు, అయినా కోతకు అది కూడా సాకు కాకూడదు.

చట్టం కూడా ఇక్కడ అసలు స్థితి వైపే మొగ్గు చూపుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. రంగు మారినా ఆర్‌సీలో రాయించాలి. మరోవైపు, 2021 జులైలో కేంద్రం పాత వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా ఉన్న కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు ₹20,000, మళ్లీ నమోదుకు ₹5,000. కొత్త నమోదు గడువు పదేళ్లు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఇదివరకే నమోదైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు ప్లేటు ఉన్నవాళ్లకు ఇది మంచి వార్త. అయితే ఇలా నమోదైన కారును రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు, ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతులు, పెట్రోల్ కొట్టించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కించాలి. డీజిల్ ఇంజన్ ఎక్కించిన క్షణాన ఈ తలుపు మూసుకుపోతుందని చాలామందికి తెలియదు. సి బుక్కు ఇంకా పెద్దాయన పేరు మీదే ఉంటే ముందు వారసుల పేరుకు మార్పించుకోవాలి, దానికి ఫారం 31 ఉంది.

సగం సగం ఉన్న కార్ల దగ్గర మాత్రం నిజంగా తల పట్టుకోవాల్సి వస్తుంది. లోపల అంతా తొలి స్థితిలో ఉండి, బయట ఎప్పుడో చవకగా వేయించిన రంగు ఊడిపోతుంటే ఏం చేయాలి? అలాంటప్పుడు బయట మాత్రమే, తొలి రంగు ఛాయలోనే వేయించి, తలుపుల అంచులు, బానెట్ లోపల, డిక్కీ ముట్టుకోకుండా వదిలేయడం నాకు సమంజసమనిపిస్తుంది. ఛాయను డ్యాష్‌బోర్డు కింద ఎండ తగలని చోట చూసి కలిపించాలి. ఫ్లోరు పూర్తిగా తినేసి ఉంటే ఆ రేకు మార్చక తప్పదు, కానీ కోసిన ముక్కలో గట్టిగా ఉన్న భాగాన్ని, ఛాసిస్ నంబరు చెక్కిన చోటును కాపాడాలి.

ఇక చివరికి అంతా మెకానిక్ చేతిలో ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్‌లో, పాత జిల్లా కేంద్రాల్లో కార్బ్యురేటర్ చప్పుడు విని సెట్ చేయగల పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల చేతి పని గొప్పది. అలవాటు మాత్రం కస్టమరుకు బండి త్వరగా, కొత్తగా అప్పగించాలన్నది. మీరు కోరుకునేది దానికి వ్యతిరేకమైన పని కాబట్టి ముందే కూర్చుని మాట్లాడాలి. విప్పిన ఏ బోల్టూ, రబ్బరూ, రేకుముక్కా మీకు చూపించకుండా పారేయకూడదు. ప్రతిదానికీ చీటీ కట్టి డబ్బాలో వేయాలి. పని మొత్తానికి గుత్తకు మాట్లాడొద్దు, రోజు కూలి లెక్కన ఇవ్వండి. ఖర్చు కాస్త పెరుగుతుంది. కానీ తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఒక్క నట్టు విప్పడానికి ఒక పూట పట్టినా ఆయనకు నష్టం ఉండదు, అందుకని సుత్తి, ఉలి తీయకుండా నూనె పోసి మర్నాటి దాకా ఆగుతాడు.